తొమ్మిదికి రెండు వేసిన సరోజనక్క

నిన్న పొద్దున మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది. ఈ ఏడాది మా న్యూట్రిషన్ విభాగం సాధించినవన్నీ ఒక్క పేజీలో. కింద నా ఫోటో, చేతిలో షీల్డ్.

సంబరంగా చప్పట్ల బొమ్మలు పెట్టాను.

అవి వెళ్లేలోపే మా విభాగం హెడ్ మేడమ్ ఇంకో మెసేజ్ పెట్టారు. "మన ల్యాబ్ అటెండర్ సరోజన ఇక లేరు. ఇందాకే దవాఖానలో పోయారట."

నా చప్పట్లు దాని కింద పడ్డాయి.

వెంటనే డిలీట్ చేశాను. ఏదో డిలీట్ చేసినట్టు మాత్రం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

నమ్మలేదు. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె ఏడుస్తుంటే నమ్మక తప్పలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. సరోజనక్కది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఊరు. రోజూ బస్సులో వచ్చేది. మా ఫుడ్ ల్యాబ్‌లో గిన్నెలు కడగడం, పిండి జల్లించడం ఆమె డ్యూటీ. కాగితం మీద అంతే. కానీ మేం ఏది వండినా మొదటి ముద్ద ఆమెదే. ఆమె తల ఊపితేనే ఆ వంటకం ముందుకు పోయేది.

నేను పీజీలో చేరిన మొదటి వారం రాగి లడ్డూలు చేశాను. రాళ్లలా వచ్చాయి. అక్క ఒకటి తీసి బల్ల మీద టకటక కొట్టింది.

"బిడ్డా, ఇవి తింటే బలం వస్తదో రాదో గానీ, పండ్లు మాత్రం ఊడతయ్."

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అందరూ వెళ్లాక పక్కన నిలబడి మళ్లీ చేయించింది. బెల్లం పాకం ఎప్పుడు దించాలో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, అక్కే నేర్పింది.

ఈ ఏడాది మాకు మామూలు ఏడాది కాదు. మా జొన్న మునగాకు బిస్కెట్‌కు పోటీలో ఫస్ట్ ప్రైజ్. ధర్మసాగర్ వైపు ఊళ్లలో వరుసగా హెల్త్ క్యాంపులు. పేపర్లలో ఫోటోలు.

ఆ క్యాంపుల్లో బరువు మిషన్ మోసింది అక్క. ముసలమ్మలను బుజ్జగించి లైన్లో కూర్చోబెట్టింది అక్క. మధ్యాహ్నానికి ఆమె కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. చెప్పులు చేతిలో పట్టుకుని తిరిగేది. పొద్దంతా నిలబడింది కదా, అందుకే అనుకున్నాం.

ఊళ్లో ప్రతి ఒక్కరికీ బీపీ చూశాం.
ఆమెకు చూడలేదు.
ఒక్కసారి కూడా.

ఇక ఆ బిస్కెట్ సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పోటీకి పంపే ముందు పది మందికి రుచి చూపించి, తొమ్మిదికి ఎన్ని మార్కులో వేయమంటాం. అందరూ ఏడు, ఎనిమిది వేశారు. అక్క రెండు వేసింది.

ఏమైందక్కా అని అడిగాను.

"నోట్ల ఇనుప ముక్క పెట్టుకున్నట్టున్నది బిడ్డా. ఏం తిన్నా గట్లనే ఉంటున్నది."

ఏం తిన్నా అంది. విన్నాను. అయినా నా బుర్ర బిస్కెట్ చుట్టూనే తిరిగింది. ఇంకొకటి నమిలి చూశాను, బాగానే ఉంది. ఆమె మార్కు లెక్కలో కలవడం లేదని పెన్నుతో కొట్టేశాను. తర్వాత చేసిన వంటకాలకు అక్కను రుచి చూడటానికి పిలవనే లేదు. ఆమె కూడా ఎందుకని అడగలేదు.

అదే నెలలో కిడ్నీ రోగుల ఆహారం మీద నేను సెమినార్ ఇచ్చాను. లక్షణాల స్లైడ్‌లో "నోట్లో ఇనుము రుచి, కాళ్ల వాపు" అని నా చేతులతో నేనే టైప్ చేశాను. ఆ రోజు ప్రొజెక్టర్ తెచ్చి పెట్టింది అక్కే. స్లైడ్ పక్కనే నిలబడింది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. మేం పడలేదు. ఆమెను పడేశాం.

నిన్న సాయంత్రం వాళ్ల ఊరికి వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది. కూతురు మమత చెప్పింది, రెండు కిడ్నీలూ పాడయ్యాయట. బీపీ ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదట. పోయిన వారం ఊపిరాడకపోతే దవాఖానకు తీసుకుపోయారు; మేమేమో సెలవు పెట్టిందనుకున్నాం. అప్పటికే చేయి దాటిపోయింది.

నేను లేవబోతుంటే మమత చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అక్కా, నీ బిస్కెట్లకు మార్కులు తక్కువేసిన్నని అమ్మ మస్తు ఫికర్ చేసింది. పిల్ల కష్టపడి చేసింది, నా నోరే మంచిగ లేకపాయె, అందుకే మల్ల పిలుస్తలేదు అన్నది."

మమత చేయి విడిపించుకుని లేచాను.
బస్సెక్కి వచ్చేశాను.

ఇవాళ పొద్దున ల్యాబ్‌కు వెళ్లి ఆ కాగితం తీశాను. కొట్టివేత కింద ఆమె వంకర రెండు ఇంకా కనిపిస్తోంది. పది మందిలో ఒక్కరే నాకు ముఖ్యమైన మాట చెప్పారు. ఆ ఒక్కరినే నేను కొట్టేశాను.

పోస్టర్లో నా ఫోటో తీసేయమని మేడమ్‌కు చెప్పాను. దయచేసి ఎవరూ నాకు కంగ్రాట్స్ పెట్టకండి. ఇది ఓదార్పు కోసం రాస్తున్నది కూడా కాదు.

మీ ఆఫీసులోనో ఇంట్లోనో పనిచేసే అక్క నోరు బాగాలేదంటే, కాళ్లు వాచాయంటే, ఆ రోజే బీపీ చూడండి. రక్తపరీక్ష చేయించండి. నాలాగా చదువుకుని ఊరుకోకండి.

సరోజనక్కా, నువ్వు తప్పు మార్కు వేయలేదే. కొట్టేసిన నీ రెండు అంకెను మళ్లీ రాసి, పక్కన సంతకం పెట్టాను.

ఇక నీకు అన్నం అన్నంలాగే రుచించాలి. కడుపునిండా తిని, కాళ్లు చాపుకుని, హాయిగా పడుకో అక్కా.