పట్నం దాటి వండుకున్న కీడు వంట

పంతొమ్మిది వందల అరవైల్లో, మా ఊరిని నిజామాబాద్ మున్సిపాలిటీలో కలిపిన ఏడాది, నేను వంద బండ్లను వెంటేసుకొని పట్నం నడిబొడ్డున ఊరేగింపు తీశాను. పోలీసులు సలాం కొట్టి దారిచ్చారు.

సరే, వంద లేవు. పది ఉంటే ఎక్కువ. ముందు నడిచింది మా నాయనమ్మ. పెళ్ళయి మీసాలు మెలేసే వయసులో ఉన్న నేను, చివరి బండిలో కోడిపుంజును ఒళ్ళో పెట్టుకొని కూచున్నాను. పోలీసాయన మమ్మల్ని చూసి ఆవలించాడు.

కంఠేశ్వర్ అవతల ఉన్న మా పల్లెలో ఆషాఢంలో ఒకరోజు ఎవరూ పొయ్యి ముట్టించరు. ఊరికి పట్టిన కీడు పోవాలని అందరూ పొలిమేర దాటి వండుకు తిని, పొద్దుగూకాక తిరిగొస్తారు. అక్కడ మొదటి పొయ్యి సర్పంచే అంటించాలి. ఆ సర్పంచ్ మా పెద్దబాపు. పంచాయతీ రద్దయి కుర్చీ పోయింది. ఇక ఈ పొయ్యి కూడా పోతుందేమోనని ఆయన బెంగ.

"ఎప్పట్లెక్కనే వాగు దాటి వండుకుందం," అన్నాడు.

వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, ఒప్పుకోలేదు. "వాగవతల గూడ పట్నమే గదరా ఇప్పుడు! కలుస్తమని దస్కత్ వెట్టింది నువ్వే. పట్నం పొలిమెర దాటకుంటె కీడు యాడికి పోతది? మన ఎన్కనే మర్లొస్తది."

కీడు వంటకు వాగు దిక్కుకే పోవాలి, ఆ దిక్కున ఉన్నదంతా పట్నమే; అందుకని వంట గంజులు, బియ్యం, పిల్లలు, కోళ్ళు బండ్లకెత్తి పట్నమంతా దాటాం. బజారులో అత్తరు దుకాణం సాయిబు బయటికొచ్చాడు.

"ఏం భాయ్, ఊరు ఖాళీ చేసి పోతున్నరా?"

"లేదు సాబ్, వండుకొని మళ్లొస్తం," అన్నాను.

"బువ్వ వండుకోనీకి గింత దూరమా? మా గల్లీల పొయ్యిలు లేవా?"

బోధన్ రోడ్డు మీద పట్నం హద్దు రాయి దాటి, చెరకు తోటల పక్కన ఆగాం. రాళ్ళు పేర్చాం, కట్టెలు పెట్టాం. కడుపులు నకనకలాడుతున్నాయి. అగ్గిపుల్ల మాత్రం ఎవరూ గీయరు. పెద్దబాపు బండి చాటున ఎద్దుకు వేసిన గడ్డినే మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాడు.

"మున్సిపల్ చైర్మన్ను పిలువాల్నేమో," అని గొణిగాడు మా పక్కింటాయన.

"ఆయనొచ్చేదాక పోరగాండ్లు ఉపాసముండాల్నా?" అంది నాయనమ్మ. "ఏమ్రా, సర్కారు నీ కుర్చీ గుంజుకున్నది గని అగ్గిపెట్టె గూడ గుంజుకున్నదా? రా, అంటువెట్టు!"

వచ్చి పుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. ఇంకోటీ అంతే. అప్పుడు అందరం ఆయన చుట్టూ గోడలా నిలబడ్డాం. మంట లేచింది. చెరకంత ఎత్తు లేచిందని ఇన్నేళ్ళుగా చెబుతున్నాను గానీ, కట్టెలు తడివి, గంజు అడుగుకు తగలడమే గగనమైంది. పెద్దబాపుకు అదే చాలు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గా పప్పుల ఉప్పేసిండ్రా లేదా? పోరగాండ్లను రోడ్డు మీదికి పోనియ్యకుండ్రి!"

సాయంత్రం దాకా తిడుతూనే ఉన్నాడు. కుర్చీ ఉన్నప్పటిలాగే అన్నీ ఆయన చెప్పినట్టే చేశాం.