కుర్చీలోంచి లేవడం నేర్పిన మేడం

మా ఫిజిక్స్ మేడం పోయారు. మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో నేను పాఠం చెబుతుండగా కోదాడ నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "మేడం గారు ఇక లేరమ్మా. ఆదివారం సూర్యాపేటలో సంతాప సభ పెడుతున్నాం, వస్తావుగా?" అన్నాడు. అప్పుడు నా ముందు పిల్లలంతా కుర్చీల్లోంచి లేవలేక గింజుకుంటూ నవ్వుతున్నారు. అది మేడం పాఠమే. అందుకే క్లాసు ఆపలేదు. కళ్లు తుడుచుకుని చివరిదాకా చెప్పాను.

ఆ పాఠం మీకూ చెబుతాను. కుర్చీలో నిటారుగా కూర్చోండి. పాదాలు మోకాళ్ల కింద సూటిగా ఆనించండి, వెనక్కి జరపకండి. ముందుకు వంగకుండా, దేన్నీ పట్టుకోకుండా లేవండి చూద్దాం. లేవలేరు. సూర్యాపేట కాలేజీలో డిగ్రీ మొదటి రోజు మా క్లాసంతా ఇలాగే ఇరుక్కుపోయింది. ఇందాకటి కోదాడ అబ్బాయి, "కుర్చీలకు బంక పూశారా మేడం?" అంటూ కిందికి వంగి మరీ చూశాడు. వంగాడు గనక లేచాడు. మేడం చప్పట్లు కొట్టారు. "గదే! లేవాలంటే ముందుగాల వంగాలె. మీ బరువంతా ఒక్క చోట కుప్పవడ్డట్టు అనుకోండ్రి. గా చోటు పాదాల మీదికొస్తెనే మనిషి లేస్తడు" అన్నారు. పుస్తకంలో దాన్ని గరిమనాభి అంటారని ఆ తర్వాతే బోర్డు మీద రాశారు.

"కాళ్లకు తెల్వంది తలకెక్కది" అని తరచూ అనేవారు. చీర కొంగు నడుముకు చెక్కి, మమ్మల్ని గ్రౌండులో చేతులు పట్టించి వరసగా తిప్పేవారు. ఒక చివరి పిల్ల నిలబడ్డ చోటే తిరిగితే రెండో చివరి వాళ్లు పరుగెత్తాలి. ఇరుసుకు దూరమైన కొద్దీ వేగం పెరుగుతుందన్న పాఠం ఆయాసపడ్డ వాళ్లకే ముందు అర్థమయ్యేది. పక్క గది లెక్కల సారు, "ఏం సర్కసమ్మా ఇది?" అని విసుక్కుంటే, "సర్కసోళ్లకు సప్లిమెంటరీ ఉండది సార్, తప్పితే కింద వడుడే" అని నవ్వేశారు.

హాజరు పిలిచేటప్పుడు పేరు తర్వాత "తిన్నవా?" అని అడగడం ఆమె అలవాటు. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి పొద్దున్నే ఆటో పట్టుకుని వచ్చే నేను, "తిన్న మేడం" అనేదాన్ని. ఆమె నమ్మితే కదా! టిఫిన్ డబ్బా నా ముందుకు తోసి, "ఖాళీ కడుపుకు బలాలు గిట్ల ఏం సమజైతయే" అనేవారు. ఆ డబ్బాలోని చింతకాయ తొక్కు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

నాకు ఆకలికంటే పెద్ద చిక్కు నోరు పెగలకపోవడం. ఇంట్లో లంబాడీ మాట, క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఎవరైనా ప్రశ్న వేస్తే మూడూ ఒకదానికొకటి అడ్డం పడి ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. ప్రాక్టికల్ పరీక్షలో అలాగే గుడ్లప్పగించి నిలబడి తప్పాను. "మల్ల తప్పితే సదువు ఖతం. పత్తి చేనుకు పోదువు" అన్నాడు మా నాయన. కోపంతో అనలేదు, ఆయనకు ఇంకో దారి తోచలేదు.

మళ్లీ పరీక్ష వచ్చింది. లోలకం ప్రయోగం ముగిశాక, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గరిమనాభి అంటే ఏమిటో చెప్పమని ఇంగ్లీషులో అడిగారు. మూడు భాషలూ మళ్లీ అడ్డం పడ్డాయి. మేడం మూలన కూర్చున్నారు. మాట అందించకూడదు, అందించలేదు కూడా. తలదించుకున్న నాకు నా పాదాలు కనిపించాయి.

"సార్, మీరు జర సక్కగ కూసోండ్రి. కాళ్లు ఎనుకకు జరపొద్దు, ముందలికి వంగొద్దు. ఇగ లేవుండ్రి" అన్నాను.

ఆయన లేవబోయారు. లేవలేకపోయారు. మళ్లీ గట్టిగా ప్రయత్నించారు. ముఖం ఎర్రబడింది గానీ మనిషి కదల్లేదు.

"ఎందుకు లేవలేకపోతున్నానమ్మా?" ఈసారి తెలుగులో అడిగారు.

ఇక నన్ను ఆపేదెవరు! తెలుగులో మొదలుపెట్టి, ఇంగ్లీషు మాటలు దొరికిన చోట కలుపుతూ, నెత్తిన బిందె పెట్టుకున్న మా అమ్మ నడక దాకా వెళ్లాను. "చాలు తల్లీ, ఇక నన్ను లేవనివ్వు" అని ఆయన నవ్వారు. బయటికొచ్చాక మేడం నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఎగ్జామినర్‌నే కుర్చీకి కట్టేస్తివి కదనే!" అన్నారు. గెలుపంటే ఏమిటో ఆ దెబ్బతో తెలిసింది. ఇంటికెళ్లి నాయననూ కుర్చీలో కూర్చోబెట్టాను. లేవలేక, నవ్వాపుకోలేక, "సదువుకోవే, సదువుకో!" అన్నాడు.

ఆదివారం సభకు హాలు నిండిపోయింది. టీచర్లు, నర్సులు, ఎరువుల దుకాణాల వాళ్లు, వేములపల్లిలో వరి పండించేవాళ్లు, అంతా మేడం పిల్లలే. ప్రిన్సిపాల్ మైకులో, "మౌనం పాటిద్దాం, అందరూ లేవండి" అన్నారు.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరం పాదాలు సర్దుకుని, ఫొటోలోని మేడం వైపు మెల్లగా ముందుకు వంగాం. వంగి, ఒక్క క్షణం అక్కడే ఆగాం. ఆ తర్వాత హాలు హాలంతా లేచి నిలబడింది.