జేజి బడిలో చేరిన సాయంత్రం

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట కుళ్ళుకున్నది ఒక టైని చూసి. ఎర్ర టై. మెడ వెనక ఎలాస్టిక్ ఉండేది. అది మా పెదనాయన కూతురి మెడలో ఉండేది, నా మెడలో ఉండేది కాదు.

తిరుపతిలో మా రెండు సంసారాలూ ఒకే ఇంట్లో ఉండేవి. పెదనాయనకు కొండ మీద ఉద్యోగం. మా నాయన బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తా. అక్క నాకంటే కొన్ని నెలలే పెద్ద. దాన్ని కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడిలో వేశారు. పొద్దున్నే రిక్షా వచ్చి గంట కొట్టేది. అక్క నల్ల బూట్లు టకటకలాడించుకుంటూ, వైరు బుట్ట ఊపుకుంటూ ఎక్కేది. నేను పక్క వీధికి నడిచి పోయేదాన్ని. అక్కడ ఒక టీచరమ్మ తన ఇంటి అరుగు మీద చాపలు పరిచి, చుట్టుపక్కల పసిపిల్లల్ని కూర్చోబెట్టుకునేది. దాన్ని అందరూ అరుగుబడి అనేవాళ్ళు. ఆ పేరు వింటేనే నాకు తలవంపులుగా ఉండేది.

ఇంటికి చుట్టాలొస్తే అక్క చేత ఇంగ్లీషు పద్యం చెప్పించేవాళ్ళు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను మా బడి పాట అందుకునేసరికి ఎవరికో ఒకరికి దాహమేసేది, మంచినీళ్ళు తెమ్మని నన్నే లోపలికి పంపేవాళ్ళు. కుళ్ళు అనేది పెద్దయ్యాక వచ్చే జబ్బు అనుకుంటారు గానీ, అయిదేళ్ళకే నాకు కడుపు నిండా ఉండింది. రాత్రి అక్క నిద్రపోయాక దాని టై వాసన చూసేదాన్ని. కొత్త గుడ్డ వాసన ముక్కులోకి పోతుంటే ఏడుపొచ్చేది.

చివరికి అన్నం మానేశాను. మా అమ్మ నాలుగు తగిలించింది, నేను పదింతలు ఏడ్చాను. నాయన మెత్తని మనిషి. ఓడిపోయి, సోమవారం నుంచి నన్నూ ఆ బడికే పంపుతానని మాటిచ్చి, నల్ల బూట్లు కొనుక్కొచ్చాడు. ఆ పెట్టెను పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, బూట్లను అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేర్చే ముందర ఆ బడి నేనొకసారి సూడాల," అంది.

"నిన్ను గేటు కాడనే నిలబెడతార్లేమ్మా," అని నాయన నవ్వాడు.

"అయితే ఆ బడినే ఈడికి పిలిపిస్తా."

ఆ సాయంత్రం జేజి వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. పెదనాయన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నాయన మెట్ల మీద కాఫీ తాగుతున్నాడు. జేజి చేటను పక్కకు జరిపి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, అక్కను పిలిచింది.

"ఏమ్మే, నేను మీ బడిలో చేరినా. నువ్వే టీచరు. మీ బడిలో ఎట్లుంటారో అట్లనే నాతో ఉండాల."

అక్కకు భలే సంబరమయింది. లోపలికి పోయి అడుగుబద్ద తెచ్చుకుంది. తిరిగొచ్చేసరికి దాని ముఖం మారిపోయింది, పెదాలు బిగుసుకున్నాయి. జేజిని చేతులు కట్టుకోమంది. మూతి మీద వేలు పెట్టుకోమంది. జేజి వేలు తియ్యకుండానే పసిపిల్ల గొంతుతో అడిగింది.

"టీచరమ్మా, ఒంటికి పోవాల."

"నో. తెలుగు మాట్లాడితే చెయ్యి చాపాల."

జేజి చెయ్యి చాపింది. అక్క కొట్టింది. ఆటకు కొట్టిన దెబ్బ కాదు, వాకిలంతా వినపడింది. జేజి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నొప్పి పుడతాండాది టీచరమ్మా."

"ఏడిస్తే ఇంకోటి. ఇంట్లో చెప్పినావంటే చీకటి రూములో పెడతా," అంది అక్క. కోపంగా కాదు, రోజూ చెప్పే పాఠంలా చెప్పింది.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఏమి దర్జా, ఏమి ఇంగ్లీషు అనుకున్నాను. చేతిలో బద్ద కూడా ఉంది. నా కడుపు భగ్గుమంది.

తరవాత నా వంతు వచ్చింది. నా దగ్గర బద్ద లేదు. ఏం చెయ్యాలో తోచక, ముందు జేజి ముక్కును నా పావడాతో తుడిచాను. మా టీచరమ్మ అందరికీ అదే చేసేది. జేజి మళ్ళీ ఒంటికి పోవాలంది. చెయ్యి పట్టుకుని దొడ్డి దాకా తీసుకుపోయి, కాళ్ళ మీద నీళ్ళు పోసి తీసుకొచ్చాను. అమ్మ కావాలని జేజి దొంగ ఏడుపు మొదలుపెట్టింది. దాని తల నా ఒళ్ళో పెట్టుకుని, "వస్తాదిలే, అందాకా నేనుండాను కదా," అని జో కొట్టాను. ఇంక చూపించడానికి నాకేమీ మిగల్లేదు. ఒక్క ఇంగ్లీషు ముక్కయినా రాలేదు. సిగ్గుతో ఏడుస్తూ నాయన మీద పడ్డాను.

"నన్ను గూడా కొట్టే బడికే పంపు నాయనా."

పెదనాయన పేపరు మడిచి, అక్కను దగ్గరికి పిలిచి, దాని అరచేతిని వెల్తురుకు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. జేజి మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

"బళ్ళకు మీరు గోడలు సూసినారు," అంది కొడుకులిద్దరితో. "లోపల ఏముండాదో బిడ్డలు సూపించినారు. ఇంక మీ ఇష్టమప్పా."

సోమవారం రిక్షా రాలేదు. నేను కొత్త బూట్లేసుకుని అరుగుబడికే పోయాను, పక్కన అక్క కూడా వచ్చింది. మెట్ల దగ్గరే అక్క బిక్కముఖం వేసేసరికి టీచరమ్మ దాన్ని ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను రోజూ కూర్చునే ఒడి అది. దీని ముందు, టైని చూసి మండింది ఒక మంటే కాదు. ఇంటికొచ్చి బూట్లు విసిరికొట్టి జేజితో చెప్పుకున్నాను. జేజి నా తల నిమిరింది.

"కుళ్ళుకోమ్మే, తప్పు లేదు. ఇప్పటికి గదా నీకు దేన్ని సూసి కుళ్ళుకోవాలో తెలిసింది," అంది.

ఇప్పుడు మా వీధిలో బళ్ళకు కొదవ లేదు. మొన్న మనవరాలిని చేర్చినప్పుడు మా అబ్బాయీ కోడలూ రంగు కాగితాలు తెచ్చి చూపించారు. ఏసీ గదులు, రంగుల కుర్చీలు, బస్సు. బాగున్నాయన్నాను. కొన్నాళ్ళు పోనిచ్చి, ఒక సాయంత్రం మోకాళ్ళు మొరాయిస్తున్నా నేల మీద కూర్చుని, మీ బడిలో చేరాను టీచరమ్మా అని దాని ముందు అరచెయ్యి చాపాను. జేజి లాగానే అమ్మ కావాలని దొంగ ఏడుపు మొదలుపెట్టాను.

పసిది నా చెయ్యి చూసింది, నా ముఖం చూసింది. గౌను అంచుతో నా కళ్ళు తుడిచి, నా మెడ చుట్టూ చేతులేసి, "ఏడవద్దు బంగారూ, నేనున్నాగా," అంది. అది మా ఇంట్లో ఎవరమూ అనే మాట కాదు. దానికి ఆ మాట నేర్పిన ఆమె ఎవరో నేనింకా చూడలేదు. నా మనవరాలు నా ఒళ్ళో కాకుండా ఇంకెవరి ఒళ్ళోనో ఆ మాట విన్నదని కడుపులో చురుక్కుమంది.

ఆ మంట నాకు బాగా తెలిసినదే. లోపలికి పోయి, మంచి బడేరా అని మా అబ్బాయికి చెప్పాను.