పోతు మాంసమే కావాలన్నారు

ఇప్పటికీ ఈస్టర్ దగ్గర పడుతోందంటే నాకు ఒళ్లు మండుతుంది. దేవుడి మీద కాదు. మా ఆయన మీద, మా చర్చి పెద్ద అంకుల్ మీద, మాంసం అనగానే "పోతుదేనా?" అని అడిగే మనవాళ్లందరి మీద.

2017లో మేం న్యూజిలాండ్‌లో, టౌరంగాలో ఉన్నాం. నేను రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌ని. అక్కడ నేను చూసుకున్న ఒక ముసలావిడ కూతురికి ఊరి బయట ఒక కొండ, దాని మీద గొర్రెలు ఉండేవి. తల్లి పోయాక కూడా ఆమె నన్ను వదల్లేదు. తుపాకీ పట్టడం నేర్పింది, లైసెన్స్ తీసుకోమని వెంటపడింది. గొర్రెల గడ్డి దుప్పులు మేసేస్తున్నాయి, అప్పుడప్పుడూ ఒకటి కొట్టి పట్టుకుపో అంది. షరతు మాత్రం ఒకటి పెట్టింది. కూరకి ఆడదాన్ని కొట్టుకో, పోతుల్ని ఎదగనివ్వు. ఇల్లు, డ్యూటీ, చర్చి, ఎక్కడికెళ్లినా ఒకరికి చాకిరీ చేసే నాకు, ఈ దేశంలో నాదనిపించిన చోటు ఆ కొండ ఒక్కటే.

అక్కడ ఒక పోతును నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మొదటి ఏడాది దాని నెత్తిన రెండు పుల్లలుండేవి. తర్వాత చిన్న చిన్న కొమ్మలు వేసింది. ముదిరిన పోతుకి కొమ్ములు పైన చేటంత వెడల్పవుతాయి. దీనికి ఇంకా అరచేయంత కూడా కాలేదు. ఇంకొన్నేళ్లు ఆగు, అప్పుడు చూడు దీన్ని అనేది ఆ కొండ రైతు ఆవిడ. నేను నిజంగానే ఆ రోజు కోసం ఎదురుచూసేదాన్ని.

ఆ ఈస్టర్‌కి మనురేవా నుంచి అంకుల్ వాళ్ల అల్లుడు వస్తున్నాడని ముందు ఆదివారం చర్చిలో తెలిసింది. మా ఆయన నన్నొక్క మాట అడగలేదు. "మా ఆవిడుంది కదా అంకుల్, పోతు మాంసం నా పూచీ" అనేశాడు. మిగతావాళ్లు చుట్టూ చేరారు. ఎవరికెంత పోగు అన్నది అక్కడే మాట్లాడేసుకున్నారు. అది ఇంకా కొండ మీద మేస్తూనే ఉంది.

కారెక్కగానే విరుచుకుపడ్డాను.

"మాటివ్వడానికి మీరెవరండీ? అక్కడ పోతుల్ని కొట్టకూడదని తెలీదా మీకు?"

"ఒక్కసారికి ఏమవుద్దే?"

"పైగా వాటికి మదమెక్కే కాలం ఇది. ఒంటి నిండా ఉచ్చ పోసుకుంటాయి. మాంసం కంపు కొడుతుంది."

"నిమ్మకాయ పిండితే పోద్దిలే."

గురువారం తెల్లారకముందే కొండెక్కాను. పొదల అంచున పడుకుని ఆడ దుప్పుల కోసం చూస్తుంటే అదే వచ్చింది. గురక లాంటి అరుపు అరుచుకుంటూ వచ్చి, నాకు అడ్డంగా నిలబడింది. అంత తీరుబడిగా ఏ దుప్పీ నా ముందు నిలబడలేదు. కొట్టేయ్, అందరి నోళ్లూ మూతపడతాయి అనిపించింది. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లింది కూడా. కానీ తుపాకీ స్కోప్‌లో చూస్తే దాని మెడ ఇంకా సన్నం, ఛాతీ ఇంకా నిండలేదు. ఎవరి అల్లుడి కంచం కోసమో పెరిగే ప్రాణిని పడగొట్టాలా అని కోపం వచ్చింది. వేలు తీసేశాను. అది నన్ను చూడనే లేదు, దాని మానాన అది పోయింది. ఎండెక్కాక ఆడ దుప్పులు దిగాయి. వెంట పిల్ల లేనిదాన్ని, కండ పట్టినదాన్ని చూసి ఒకటి కొట్టాను.

సాయంత్రం అంకుల్ మా గరాజ్‌కి వచ్చారు. మన ఊళ్లలో మటన్ కొట్టు దగ్గర చూసినట్టే, వేలాడదీసిన దుప్పి వెనక కాళ్ల మధ్య చూశారు.

"ఇది ఆడదా అమ్మా?"

"అవునంకుల్. లేతది, చాలా బాగుంటుంది."

"అల్లుడికి ఆడదాని మాంసం ఎట్టా పెడతామమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"పోతు కనబడి ఉండదంకుల్" అన్నాడు మా ఆయన, నేల చూపులు చూస్తూ.

"కనబడింది. ఎదగనివ్వాలని వదిలేశాను" అన్నాను.

అంకుల్ నవ్వారు. "ఆడవాళ్ల మనసు సున్నితం గదా" అన్నారు. పొద్దున్న ఆ దుప్పి పొట్ట చీల్చి పేగులు తీసింది నా చేతులే. మా ఆయన కూడా ఆయనతో కలిసి నవ్వాడు.

శనివారం నేను డ్యూటీలో ఉన్నాను. టీ బ్రేక్‌లో రైతు ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఆయన వచ్చాడు. నువ్వు వెనకే వస్తున్నావంటే గేటు తీశాను" అంది. "వెంట వచ్చినతను మన పోతును కొట్టేశాడు."

తుపాకీ అంకుల్ అల్లుడిది. అబద్ధం మా ఆయనది. ఇకమీదట మీ ఇంటివాళ్లెవరూ ఇక్కడికి రావద్దని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ ఇంటివాళ్లలో నేనూ ఉన్నాను. అరిచినా బాగుండేది. నేను సారీ చెప్పాను. చెయ్యని తప్పుకి ఆ సారీ ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఆదివారం పొద్దున్నే అంకుల్ వాళ్లింట్లో పొయ్యి మీద ఆ మాంసం ఎక్కింది. నిమ్మకాయలు పిండారు, పెరుగు పట్టించారు, మసాలా దట్టించారు. వీధి చివరి దాకా ఉచ్చ కంపు కొట్టిందట. మా ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఫ్రిజ్‌లో ఉన్న ఆ ఆడదాని మాంసం తీసుకెళ్లనా? పోతుది ఎవరూ తినేట్టు లేదే."

నేను గిన్నెలు తోముకుంటూనే ఉన్నాను. ఆయనే తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం అందరూ వేళ్లు నాక్కుంటూ తిన్నారు. అల్లుడుగారు మారు అడిగి మరీ వడ్డించుకున్నారు. పోతు మాత్రం నల్ల సంచుల్లో మూటగట్టి బిన్‌లో పడి ఉంది, కొమ్ములతో సహా.

ప్లేట్లు తీస్తుంటే అంకుల్ భార్య, ఆంటీ, నా భుజం తట్టింది.

"వచ్చే ఈస్టర్‌కి కూడా ఇట్టాంటి ఆడదాన్నే కొట్టుకురామ్మా. పోతొద్దులే, దాని కంపు నా చీరకి ఇంకా పోలేదు."

"ఎక్కడ కొట్టమంటారు ఆంటీ?"

"అదేంటమ్మా, నీ కొండుంది గదా!"

మా ఆయన పక్కనే నిలబడి నీళ్లు తాగుతున్నాడు.

"మీరు చెప్పండి ఆంటీకి" అన్నాను.

ఆయన గ్లాసు మళ్లీ నింపుకున్నాడు. ఏటా ఈస్టర్‌కి ఆంటీ అడుగుతూనే ఉంటుంది. ఏటా నేను ఆయన వైపే చూస్తాను. ఇంతవరకూ ఆయన చెప్పలేదు.