కంచం ఖాళీ అయ్యేదాకా

నా చిన్నప్పుడు ఒడిశా కొండల మీద, కొరాపుట్‌లో వాన పట్టిందంటే ఇక ఇంట్లోనే కాపురం. మైదానం వాళ్ళకి చెబితే నమ్మరు గానీ, ఎండ మొహం చూడకుండా వారాలు గడిచిపోయేవి. గోడలు చెమ్మగిల్లేవి, బట్టలు ఆరేవి కావు, ఇంట్లో ప్రతిదానికీ ఒకటే ముక్కిన వాసన. బడికి సెలవులు, కొట్లకి బేరాల్లేవు. అలాంటి రోజుల్లో మా వీధి ఆడవాళ్ళకి మిగిలిన దిక్కల్లా మా ఇంట్లో టీవీ.

మా తాతయ్య రోజుల్లో విజయనగరం వైపు నుంచి కొండెక్కి వచ్చి కిరాణా టోకు కొట్టు పెట్టిన కుటుంబం మాది. వీధిలో సగం ఇళ్ళు అలాంటివే. ఆ టీవీని మా చిన్నాన్న సాలూరు నుంచి ఘాటీ రోడ్డు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు, బాలింత పసిబిడ్డని తెచ్చినట్టు. కప్పెక్కి ఏంటెన్నా తిప్పడం కూడా ఆయనకొక్కడికే చేతనైన విద్య. ఆయన ఊళ్ళో లేకపోతే తెర మీద మనుషుల కంటే చుక్కలే ఎక్కువ కనిపించేవి.

బొమ్మ వచ్చినా మాట సంగతి వేరు. ఆ పెట్టె హిందీ మాట్లాడేది, లేకపోతే ఒడియా మాట్లాడేది. మా మామ్మకి, అంటే మా నాన్న తల్లికి, జీవితమంతా ఆ కొండ మీదే గడిచినా సంతలో బేరానికి సరిపడా ఒడియా తప్ప రాలేదు. మిగతా ఆడవాళ్ళూ అంతే. అందుకని మా పక్కింటి అక్క టీవీ పక్కన గోడకి చేరబడి, తెరకి సగం వీపు పెట్టి, వీళ్ళ వైపు తిరిగి కూర్చుని కథంతా తెలుగులో చెప్పేది. ఒడియా బడిలో మెట్రిక్ దాకా చదువుకుంది, హిందీ కూడా తెలుసు. టీవీలో అత్తగారు రెండు మాటలంటే అక్క చెప్పేవి పది. అందులో సగం ఆవిడ సొంతమేనని నాకు అప్పుడే అనుమానం. ఆడవాళ్ళు మాత్రం ఆ కథ రాసింది అక్కే అయినట్టు ఆవిడతో దెబ్బలాడేవారు.

ఆ ఏడు వానల్లో మా అమ్మ కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. చిన్నాన్న సరుకు మాట్లాడడానికి సాలూరు వెళ్ళి, మర్నాడు పొద్దున్న బస్సుకి వచ్చేస్తానని లారీ డ్రైవరు చేత కబురు పంపాడు. మర్నాడు మధ్యాహ్నమైనా బస్సు రాలేదు. నాన్న గొడుగు పట్టుకుని బస్టాండుకి వెళ్ళాడు. వాన జోరుకి ఆ సాయంత్రం వీధిలో ఎవరూ రాలేదు, పక్కింటి అక్క ఒక్కతే తువ్వాలు నెత్తినేసుకుని గోడవార నడిచి వచ్చింది. మామ్మ ఉలవలు ఏరుతోంది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఒడియా వార్తలు మొదలయ్యాయి. తెరంతా చుక్కలే. "ఆడొచ్చి తిప్పితే గాని ఈ బొమ్మ కుదర్దు," అని మామ్మ విసుక్కుంది. వార్తలు చదివే ఆయన అదే గొంతుతో, ధరల సంగతి చెప్పినట్టే, సాలూరు నుంచి కొరాపుట్ వస్తున్న బస్సు పొట్టంగి దగ్గర ఘాటీలో లోయలో పడిపోయిందనీ, శవాలు పైకి తీస్తున్నారనీ, ఎవరూ బతికి ఉండే ఆశ లేదనీ చదివాడు. నేనూ ఒడియా బడి పిల్లనే. అంతవరకూ ఏ మాట విన్నా లోపల తెలుగులోకి తిప్పుకుంటే గాని అర్థమయ్యేది కాదు. ఆ మాటలు మాత్రం తిప్పుకోకుండానే అర్థమయ్యాయి.

మామ్మ ఉలవల మీంచి తలెత్తింది. "పొట్టంగి అన్నాడు కదే. ఏటంటన్నాడు?"

అక్క తెర వైపు తిరిగింది. అప్పటికి వార్త మారిపోయింది కూడా. తర్వాత ఇటు తిరిగి, "కొండ సరియ జారిందంట మామ్మా. దారి మూసుకుపోయింది. బస్సులన్నీ కిందనే ఆపీసేరంట," అంది.

"అదీ సంగతి. అయితే ఆడు సాలూర్లో ఏ ఓటల్లోనో కూకుని ఉంటాడు," అని మామ్మ మళ్ళీ ఉలవల్లో పడింది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఊపిరి ఆవిడ అప్పుడు వదలడం నాకు వినబడింది.

నేను నోరు తెరవబోయాను. అక్క చటుక్కున నా జబ్బ పట్టుకుని, మామ్మకి అన్నం పెడదాం రమ్మంటూ వంటింట్లోకి లాక్కుపోయింది. అక్కడ నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. నీకు తెలిసిపోయింది కదా అన్నట్టు చూసింది. తల ఊపాను.

"అది నువ్వూ నేనూ సెప్పీది కాదు అమ్మీ. ఆ పెట్టిలోంచి ఇనీది అంతకన్నా కాదు. మీ నాన్న నిజం కనుక్కుని ఒచ్చి, సెయ్యి పట్టుకుని సెప్పాల. ఈలోగా ఆవిణ్ణి తిననీ. ఆ కబురు సెవినపడ్డాక మరెన్నాళ్ళకి ముద్ద ముడతాదో."

నేను ఏడవబోయాను. నాకూ ఒక కంచం పెట్టి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. "తిన్నాక ఏడు," అంది.

ముందు గదిలో అప్పటికే హిందీ సీరియల్ మొదలైంది. తెర మీద ఒక ముసలి తల్లి, తెల్లగుడ్డ కప్పిన మనిషి మీద పడి గుండెలు బాదుకుంటోంది. మామ్మ ముద్ద కలుపుతూ, ఆవిడకేమొచ్చిందని అడిగింది. అక్క, పట్నం పోయిన కొడుకు చాన్నాళ్ళకి ఇంటికొచ్చి ఆదమరిచి పడుకున్నాడనీ, ఆ తల్లి సంతోషం పట్టలేక ఏడుస్తోందనీ చెప్పింది. మామ్మ చేతిలో ముద్ద ఒక్క క్షణం ఆగింది. తెర వైపు చూసింది, అక్క వైపు చూసింది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇక అక్క ఆగలేదు. ఆ కథలోకి ఒక పిసినారి మేనమామని పట్టుకొచ్చింది. తెర మీద అలాంటివాడెవడూ లేడు. ఆ మేనమామ మేనల్లుణ్ణి చూడ్డానికి కుళ్ళిన అరటిపళ్ళు తెచ్చాడంది, వాటిని తిరిగి కొట్టువాడికే అమ్మబోయి తిట్లు తిన్నాడంది. తెర మీద అందరూ ఏడుస్తున్నారు, మా ఇంట్లో మామ్మ నవ్వుతోంది. నవ్వుతూ ఉలవచారు మళ్ళీ పోయించుకుంది. నాకు అక్కని చూస్తే అసహ్యం వేసింది. అంత అబద్ధం అంత చక్కగా చెప్పే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. అక్క తువ్వాలుతో మాటిమాటికీ మొహం తుడుచుకుంటూ, వాన జల్లు కొడుతోందని కిటికీని తిట్టింది. నేనూ తిన్నాను. ఏం తిన్నానో తెలీదు.

మామ్మ కంచంలో చెయ్యి కడుక్కుంటుండగా నాన్న వచ్చాడు. వెనక వీధిలోని మగవాళ్ళు ఇద్దరు. నాన్న చేతిలో గొడుగు ముడిచే ఉంది, మనిషి మాత్రం నిలువునా తడిసిపోయాడు. గుమ్మంలోనే ఆగి అక్క వైపు చూశాడు. అక్క లేచి టీవీ కట్టేసింది. నాన్న తల్లి ముందు నేల మీద గొంతుక్కూర్చుని ఆవిడ తడి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి రాయను. బిడ్డ పోయిన ఇల్లు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి తెలియకపోవడమే మంచిది.

అక్క అన్నట్టే అయింది. పెద్దకర్మ దాకా మామ్మ నోట్లో కాఫీ నీళ్ళు పోయడమే గగనమైపోయింది. కొన్నాళ్ళకి ఆ సాయంత్రం గుర్తు తెచ్చుకుని, "నా కొడుకు లోయలో పడుంటే నాసేత నవ్వించినావు కదే," అని అక్కని అందరిముందూ అడిగింది. అక్క తల వంచుకుంది గానీ రావడం మానలేదు. అంట్లు తోమేది, నీళ్ళు పట్టేది, మామ్మ మొహం తిప్పుకుంటే నాకు జడ వేసి వెళ్ళిపోయేది. చలికాలం వచ్చాక ఒకరోజు మామ్మ తనంతట తనే గోడ మీంచి కేకేసింది. "రాయే. ఆ పెట్టి ఏటంటందో ఒచ్చి సెప్పు."

ఆ రోజు ముద్ద ఆపి తెర వైపు చూసినప్పుడే మామ్మకి తెలిసిపోయిందా అని చాలాసార్లు అనుకున్నాను. ఏ భాషలో ఏడ్చినా తల్లి ఏడుపు తల్లికి తెలియదా? అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. ఆవిడ అలాగే వెళ్ళిపోయింది.

పెద్దయ్యాక చెడ్డ కబురు మోసుకుని ఎవరి గుమ్మమెక్కాల్సి వచ్చినా నా కళ్ళు ముందు పొయ్యి వైపు పోతాయి. వంటైందా, తిన్నారా అని అడుగుతాను. ఇదేం మనిషి, శవం అక్కడుంటే ఇక్కడ అన్నం గోల అనుకున్నవాళ్ళు ఉన్నారు. అనుకోనీ. ఈ సంగతి నా కోడలికి ఒకసారి చెప్పాను. వింటూ బఠాణీలు ఒలుచుకుంది.

మొన్న ఆ మాయదారి రోగం వచ్చి ఊళ్ళన్నీ తలుపులేసుకున్నప్పుడు నేను రాయగడలో మా అబ్బాయి దగ్గరున్నాను. మళ్ళీ అదే ఇంటిపట్టు, అదే టీవీ. ఇప్పుడు అన్నీ తెలుగులోనే చెబుతున్నారు, ఎవరూ తిప్పి చెప్పక్కర్లేదు. చితులూ, ఏడుపులూ, ఆస్పత్రి గుమ్మాలూ పొద్దస్తమానం చూపించిందే చూపించేవారు. వినేవాడు తిన్నాడా లేదా అని ఆ పెట్టెకి పట్టదు. అయినా కట్టేయలేకపోయేవాళ్ళం. పక్కింటి అక్క పార్వతీపురంలో కొడుకు దగ్గర ఉండేది. జ్వరమని విజయనగరం ఆస్పత్రిలో చేర్చారన్నారు. పోయి చూసే దారి లేదు. ఫోను మోగితే చాలు, ముందు మా అబ్బాయి మొహం చూసేదాన్ని.

ఒక సాయంత్రం కోడలు వచ్చి వార్తలు తీసేసి, పాత హాస్య సినిమా ఏదో పెట్టింది. ఇంకా చీకటైనా పడలేదు, అప్పుడే కంచంలో అన్నం పెట్టి తెచ్చి, నా పక్కనే కూర్చుంది. తెర మీద ఎవరూ నవ్వించని చోట కూడా నవ్వుతోంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఉక్కపోస్తోందంది.

నేను కంచం దగ్గరికి లాక్కున్నాను. ముద్దలు చేసుకుని తిన్నాను. గొంతు దిగనప్పుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ తిన్నాను. మెతుకు మిగల్చలేదు. కంచంలోనే చెయ్యి కడుక్కుని, "ఇప్పుడు చెప్పమ్మా. అక్కేనా?" అన్నాను.

కోడలు టీవీ కట్టేసి నా తడి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఏడ్చాను, తిన్నాకే.