పద్మక్క పిన్నులకు నేను చేసిన సింగారం

పన్నెండు తలపిన్నులతో ఒక మనిషి బతుకును నిలువునా ముంచబోయాను. నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

సూరత్ బస్తీల్లో కొత్త పనిముట్లు కనిపెట్టేవాళ్లను వెతికి, పెట్టుబడి పెట్టేవాళ్లకు చూపించడం నా ఉద్యోగం. చేరి రెండు నెలలే అయినా, లోకంలో నాకు తెలియనిది లేదు.

బమ్రోలిలో ఉండే పద్మక్కది కరీంనగర్ వైపు. ఆమె భర్త మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. మగ్గం మీద దారం తెగితే ఎవరో ఒకరు చూసేదాకా బట్ట పాడవుతూనే ఉంటుంది. అందుకని ఆమె దారాలకు తలపిన్నులు వేలాడదీసింది. దారం తెగితే పిన్ను కిందున్న రేకుల మీద పడుతుంది, కరెంటు కలిసి గంట మోగుతుంది. అది చూడ్డానికి కామ్‌రేజ్ నుంచి ఒక సేఠ్ వస్తానన్నాడు. నచ్చితే ఆమెకు సొంత వర్క్‌షాపు. లేదంటే ఎప్పటిలాగే చీరల దారాలు కత్తిరించే కూలిపని.

ఆ రోజు ముందుగానే పద్మక్క ఇంటికి వెళ్లాను. చెక్క చట్రం మీద పన్నెండు దారాలు, వాటికి రంగూడిన పిన్నులు. నాకు తల కొట్టేసినట్టయింది. పద్మక్క పాలకోసం వెళ్లగానే నిగనిగలాడే నల్ల పిన్నులు కొనుక్కొచ్చి తగిలించాను. పాతవి కింద వెళ్తున్న చెత్తబండిలో పడేశాను.

సేఠ్ వచ్చాడు. నా ఉపన్యాసం ఓపిగ్గా విని, ఒక దారం కత్తిరించాడు. పిన్ను పడింది. గంట మోగలేదు. ఇంకోటి కత్తిరించాడు. అదీ అంతే. కరెంటు తక్కువేమో అన్నాను. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. సేఠ్ గడియారం చూసుకున్నాడు. పద్మక్క మొహం పాలిపోయింది. వంగి పిన్ను తీసి చూసింది.

"గివి నా పిన్నులు కావు. ఏడికెళ్లి వచ్చినయ్?"

"నేనే మార్చానక్కా, చూడ్డానికి బాగుంటాయని."

"రంగు మీదికెళ్లి కరెంటు పోతదా తమ్మీ? ఒక్కొక్కటి రాయికి రుద్ది రుద్ది రంగు తీసిన."

భూమిలోకి కుంగిపోదామనుకున్నాను. కానీ మేమున్నది రెండో అంతస్తులో.

ఆమె కత్తిపీట లాక్కుని పిన్నును బరబరా గీకి, మరో దారానికి తగిలించి, కత్తెర సేఠ్ చేతికిచ్చింది. ఈసారి గంట మోత విని పక్కింటివాళ్లు కూడా వచ్చేశారు. సేఠ్ పడీ పడీ నవ్వాడు. చెడిపోతే నిమిషంలో బాగుచేయగల మనిషి మీద డబ్బు పెట్టడానికి భయం లేదన్నాడు. ఒక్కటే షరతు: నేను వర్క్‌షాపులో దేన్నీ ముట్టుకోకూడదు.

మిగిలిన పదకొండు పిన్నులూ పద్మక్క తలలో పెట్టుకుంది. "తలకైతే మంచిగున్నయ్ తమ్మీ," అంది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ గంట సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పనిచేస్తున్న ఏ వస్తువునూ ఈ జన్మలో మెరిపించను. ఇంట్లో గిన్నెలు కూడా అందులోకే వస్తాయని మా ఆవిడకు నచ్చజెప్పి చూశాను. ఆ ఆలోచన మీద ఆవిడ మాత్రం పెట్టుబడి పెట్టలేదు.