బెంజీన్ గడ్డకట్టిన రాత్రి

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెప్తాను. ఇది నాకే జరిగింది. ముందు ఆ నవ్వడం ఆపండి.

ముత్తుకూరులో మా ల్యాబు తెలుసుగా... నూనెలు పరీక్షించేది. ఆ వారం ఒక సీసా వచ్చింది. షేల్ ఆయిల్. అంటే రాతిని కాల్చి తీసిన నూనె. నల్లగా, కాలిన రబ్బరు వాసన. దాని అణుభారం తేల్చాలి. కొత్త మిషనేమో మొరాయించింది. ఇక దిక్కు దేవదానం సార్ గాజు గొట్టమే.

సార్ నాకు పని నేర్పిన మనిషి. ఏడాది కిందటే పోయారు. ఆయన పద్ధతి పాతదే. నూనెను బెంజీన్‌లో కలిపి, గొట్టాన్ని ఐసులో పెట్టి, ఎంత చలికి గడ్డకడుతుందో చూడాలి. దాన్నిబట్టే అణుభారం. ఐసు రొయ్యల షెడ్డు నుంచి తెచ్చేవాళ్ళం. మిగిలిన ఐసులో గోలీసోడాలు పెట్టుకుని, సార్ చెప్పే కబుర్లు వింటూ తాగేవాళ్ళం. ఎంత బాగుండేవో ఆ రోజులు!

మేనేజరుకు అవన్నీ పట్టవు. "రెండు తూర్లు చేస్తే రెండు లెక్కలొచ్చినాయి. పొద్దునకి తేలకపోతే ఈ గాజు సామానంతా పాత సామాన్లోడికి ఏసేస్తా" అన్నాడు. అందుకే ఆ రాత్రి ఉండిపోయాను.

పన్నెండు దాటింది. వాచ్‌మన్ రమణయ్యన్న తొంగిచూశాడు.

"ఏందమ్మా, ఇంకా పోలా? గేటుకాడే ఉంటా, భయపడబాక."

వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే. గొట్టంలోని థర్మామీటరులో పాదరసం దిగుతోంది... ఐదు... నాలుగు... మూడు... గడ్డకట్టదే! కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇక చాలు, కనిపించిన అంకె రాసేద్దామని పెన్ను తీశాను.

టక్... టక్.

గాజు మీద. రెండే సార్లు.

సార్ పెన్సిలు వెనకతో అచ్చం అలాగే తట్టేవారు. "తొందరపడబాకమ్మాయ్. ఒక్కోతూరి ఎంత చలి పెట్టినా కట్టకుండా మొండికేస్తది. రెండు తట్లు తట్టి, అప్పుడు చూడు" అనేవారు. రెండుసార్లూ నేను మరిచింది అదే!

పెన్ను గాలిలోనే ఆగిపోయింది. గొట్టం అడుగున తెల్లని పొర... మెల్లగా పైకి... పాదరసం దిగడం మానేసి ఎక్కింది. నాలుగు దగ్గర నిలిచింది... అదీ అసలు అంకె. ఒళ్ళు జలదరించింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

"సార్?" అన్నాను.

మూల ఫ్రిజ్ గుర్రుమంటోంది. అంతే.

మళ్ళీ చేశాను. ఈసారి నేనే తట్టాను. అదే అంకె! గాజు సామాను బతికిపోయింది.

పొద్దున రమణయ్యన్నకు చెప్తే, "రాత్రి బొగ్గు రైలు పోయింది గదమ్మా... గాజు సామాను అదురుద్దిలే" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ రైలుకే అదిరితే గాజు సామానంతా గడగడలాడాలి కదా... ఒక్క గొట్టం మీద, రెండే తట్లా? ఏమో.

ఇప్పటికీ ఆ పరీక్ష చేసినప్పుడల్లా, పెన్సిలు ఎత్తి ఒక్క క్షణం ఆగుతాను... నాకంటే ముందు ఆయన తడతారేమోనని.